షట్టర్ టీవీలో ఎర్ర చుక్క

జూన్ 9, ఆదివారం

ఈ రోజు కూడా ఇద్దరు వచ్చారు. ఒకాయన రామారెడ్డి నుంచి ముందు చెక్క తలుపులుండే పాత షట్టర్ టీవీని చంటిపిల్లలా దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాడు. బాగు చేయమంటాడేమో అనుకున్నాను. అది కాదట. లోపల ఎర్ర పాదరసం ఉందో లేదో చూడాలట.

ఫోనులో వీడియో కూడా చూపించాడు. రష్యా వాళ్లు బాంబుల్లో వాడే పదార్థమట. పాత చెక్క టీవీల్లో, రేడియోల్లో చిన్న గాజు గొట్టంలో పెట్టి అమ్మారట. బంగారం చూపిస్తే అటు పాకుతుందట. వెల్లుల్లి, మన ఎల్లిగడ్డ, చూపిస్తే పారిపోతుందట. అద్దంలో దాని నీడ కనపడదట. గోరంత ఉన్నా కోట్లు ఇస్తారట. నలభై ఏళ్లుగా టీవీలు విప్పుతున్నాను, అంత సొమ్ము వాటిలో ఉంటే కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఈ రేకుల షాపు పట్టుకుని ఎందుకు కూర్చుంటానని అడిగాను. నవ్వుతాడనుకున్నాను. నన్ను అనుమానంగా చూసి, విప్పిన టీవీని మళ్లీ దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. తనను పంపించేసి నేనే తీసుకుంటానని అనుకున్నట్టున్నాడు.

ఇది పాత రిపేరు రిజిస్టరు. వెనక సగం ఖాళీగా ఉంది. ఏదైనా రాసుకో అబ్బా, మనసు తేలికవుతుందని తహ్మీనా అంది. బిడ్డ మాట కాదనలేక రాస్తున్నాను. తేలికేమీ కాలేదు.

జూన్ 17, సోమవారం

బక్రీద్. మా ఆవిడ రహీమా లేని మొదటి బక్రీద్. తహ్మీనా వండిన బిర్యానీ బాగానే ఉంది. బాగుందని రెండుసార్లు చెప్పాను.

జూన్ 22, శనివారం

ఎల్లారెడ్డి నుంచి ఎస్తేర్ టీచర్ వచ్చింది. నేను చదివిన బళ్లోనే ఇప్పుడు ఫిజికల్ సైన్స్ చెబుతోంది. బళ్లో పిల్లలు కూడా ఈ ఎర్ర పాదరసం గోలలో పడ్డారట. ఒకడు అమ్మమ్మ రేడియోను బండతో పగలగొట్టాడట. ఒక టీవీ తీసుకొచ్చి పిల్లల ముందు విప్పి చూపించమని అడిగింది. గురువారం వస్తానన్నాను. రహీమా పోయాక ఊరు దాటింది లేదు.

జూన్ 27, గురువారం

బస్సులో టీవీని ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. కండక్టర్ కూడా అదే అడిగాడు, లోపల ఉందా అని.

టీచర్ మొదట పాదరసం గురించి చెప్పింది. వట్టి పాదరసం వెండిలా మెరుస్తుందే గాని ఎర్రగా ఉండదని, గంధకంతో కలిస్తే ఎర్రటి ఇంగిలీకం అవుతుందని, అది బాంబూ కాదు మందూ కాదు, ఒంట్లోకి పోతే విషమని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పింది. తర్వాత నేను టీవీ విప్పి ఒక్కొక్క భాగం పేరూ చెప్పాను. వెనక బెంచీ దగ్గర నిలబడి ముత్తయ్య కూడా విన్నాడు. ముత్తయ్య నాకంటే రెండు తరగతులు చిన్న. చిన్నప్పుడు కలిసే బడికి వెళ్లేవాళ్లం. ఇప్పటికీ నేను ఎల్లారెడ్డి వెళ్తే అన్నం వాళ్లింట్లోనే.

చివర్లో పిల్లలకు గట్టిగా చెప్పాను, ఇంట్లో మాత్రం ఎవరూ విప్పొద్దని. పిక్చర్ ట్యూబు లోపల గాలి ఉండదు. వెనక గరాటులా ఉండే చోట గాజు పల్చన. దెబ్బ తగిలితే ముక్కలు కంట్లోకి చిమ్ముతాయి. స్విచ్ తీసేసినా అందులో కరెంటు నిలిచే ఉంటుంది. ఈ మాట చెప్పేటప్పటికి ముత్తయ్య లేడు. నాకోసం కూర చేయించాలని అప్పటికే ఇంటికి వెళ్లాడు.

ముత్తయ్య భార్య శాంతవ్వ చిక్కుడుకాయ వండింది. వాళ్ల బిడ్డ సాయిలత పుట్టింట్లోనే ఉంటోంది. అల్లుడు శైలేందర్ దుబాయ్‌లో ఉన్నాడు. పాపకు రెండేళ్లు నిండాయి, తండ్రిని ఇంతవరకు ఫోనులోనే చూసింది. ఫోను మోగితే చాలు నాన్నా అంటుంది, కరెంటు బిల్లు వాడు చేసినా సరే. అందరం నవ్వాం. ముత్తయ్య నవ్వలేదు. అల్లుణ్ణి ఇక్కడికి రప్పించి ఏదైనా షాపు పెట్టించాలని ఉందన్నాడు.

తన షట్టర్ టీవీ ఇంకా అటుక మీదే ఉందట. తొంభై ఒకటిలో దాన్ని బాగు చేసింది నేనే.

జూన్ 28, శుక్రవారం

నమాజు తర్వాత షాపులో ఉన్న పాత సెట్లన్నీ విప్పాను. మూడే మిగిలాయి. మూడింటిలోనూ ఆ చుక్క లేదు.

టీవీలో కాయిల్ మర సరిచేశాక బస్సు కుదుపులకు అది కదలకుండా ఒక చుక్క రంగు వేసి బిగిస్తాం. కంపెనీ వాళ్లు మైనం వాడతారు. నా దగ్గర మైనం లేకపోతే పెళ్లైన కొత్తలో రహీమా తన నెయిల్ పాలిష్ తెచ్చి ఇచ్చింది. పెళ్లిలో ఎవరో పెట్టిన సీసా అది. గోళ్లకు రంగుంటే నీళ్లు తగలక వజూ కాదు, నమాజు చెల్లదని ఆమె వేసుకునేది కాదు. వేసుకోకపోయినా పారెయ్యలేదు. నా వేళ్లు మొద్దు, చుక్క వెయ్యబోతే పక్కకంతా పూసేవాణ్ణి. అందుకని చుక్క వెయ్యడం ఆమె పని అయింది. ఎడమచేతి వాటం, చుక్కకు ఎడమవైపు చిన్న తోక వచ్చేది. ఎన్ని సెట్లకు వేసిందో. మాచారెడ్డి, రామారెడ్డి, ఎల్లారెడ్డి, ఎక్కడెక్కడికో వెళ్లాయి. సీసా అయిపోతే ఇంకొకటి కొనమనేది, అదే రంగు కావాలనేది.

అన్నీ పాత సామాన్ల వాడి తక్కెట్లోకి పోయాయి. ఒక్కటన్నా ఉంచుకోవాలని నాకు తోచలేదు.

జూలై 2, మంగళవారం

ముత్తయ్య ఫోన్ చేశాడు.

“అన్నా, అటుక మీది టీవీ దించిన. ఊకె చూద్దామని ఇప్పిన. లోపట ఎర్రగ ఉన్నది.”

ఫోటో పంపమన్నాను. పంపాడు. కళ్లజోడు తుడుచుకుని చూశాను, ఫోటోను పెద్దది చేసి చూశాను. ఎడమవైపు తోక ఉంది.

అప్పుడే చెప్పాల్సింది. ఫోనులో ఆమె పేరెత్తితే ఏడ్చేస్తాననిపించింది. అయినా ఎదురుగా కూర్చుని చెబితేనే బాగుంటుంది కదా. మళ్లీ ఫోన్ చేసి చెప్పిన మాటలు ఇవే:

“ముత్తయ్యా, దాన్ని ముట్టకు. ఎవ్వలకు చెప్పకు. శుక్రారం నమాజు కాంగనె నేనే వస్త.”

ముత్తయ్య గొంతు తగ్గించి, సరే అన్నా అన్నాడు.

జూలై 3, బుధవారం

ఈ రోజే వెళ్లొచ్చు. షాపులో పనుంది.

ఎవరూ రాలేదు. ఫోటో చూస్తూ కూర్చున్నాను.

జూలై 4, గురువారం

రేపు వెళ్తున్నాను. చొక్కా ఇస్త్రీ చేయించాను. ఒక చుక్క కోసం ఇస్త్రీ చొక్కా ఏమిటని ఆమె ఉంటే ఏడిపించేది. టీవీ మొత్తం అడిగితే ముత్తయ్య కాదనడు. కావాలంటే బదులుగా ఇంట్లో ఉన్న కలర్ టీవీ ఇస్తాను.

జూలై 5, శుక్రవారం

పొద్దున్నే సాయిలత ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం ముత్తయ్య టీవీలోంచి దాన్ని తీయబోతే ట్యూబు పేలింది. ఎడమ కంట్లోకి గాజు వెళ్లింది. కామారెడ్డిలో చూసి హైదరాబాద్ పంపించారట.

నమాజుకు వెళ్లాను. ఏం చదివానో తెలియదు.

జూలై 8, సోమవారం

హైదరాబాద్ వెళ్లి వచ్చాను. కన్ను పోయింది. తీసేశారు. కుడి కన్ను బాగుందని డాక్టర్లు చెప్పారు, అదేదో మనకు చేసిన ఉపకారంలా చెప్పారు.

ముత్తయ్య నిద్రలో ఉన్నాడు. జరిగిందంతా వరండాలో శాంతవ్వ చెప్పింది. నా ఫోను అయ్యాక ముత్తయ్య తలుపు దగ్గరికి వేసుకుని టీవీ ముందే కూర్చున్నాడట. తర్వాత భూమేశ్ అని మాచారెడ్డి మనిషిని పిలిచాడట. ఇట్లాంటివి కొనేవాళ్లు తెలుసని చెప్పుకుని తిరిగేవాడు. మెకానిక్ ఊరందరికీ లేదని చెప్పి నీకొక్కడికే ఎవరికీ చెప్పొద్దన్నాడంటే అది అసలు సరుకే, శుక్రవారం వచ్చి సూదితో లాగేసుకుని పోతాడు, అంతకుముందే తీసిపెట్టుకో అని భూమేశ్ చెప్పి వెళ్లాడు. వేడెక్కితే వదులవుతుందని వీడియోలో ఉందట, అందుకని స్విచ్ వేశారు. ఎల్లిగడ్డ పెట్టారు. అది కదల్లేదు. ఎందుకు కదులుతుంది. ముత్తయ్యే ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. ఉలి జారి ట్యూబుకు తగిలింది.

“బడిల నువ్వు లేదంటే నమ్మిండు అన్నా. టీవీ అటుక మీదనే ఉండనియ్యుమన్నడు. ఫోటో పంపినంక నువ్వు ఎవ్వలకు చెప్పకుమంటివి. గప్పుడు నిజమే అనుకున్నడు.”

నామీద కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను చెప్పాల్సింది అక్కడే చెప్పొచ్చు. ఆస్పత్రి వరండాలో చెప్పే మాటా అది. ఆమెకు టీ తెచ్చి ఇచ్చి వచ్చేశాను.

జూలై 10, బుధవారం

ట్యూబు పేలుతుందని ముత్తయ్యకు చెప్పలేదు. మొత్తం బడికి చెప్పాను.

జూలై 14, ఆదివారం

గాయం మానాక చెప్పడమే మంచిది. ఇప్పుడు చెబితే రక్తపోటు పెరుగుతుంది. తహ్మీనాకు కూడా అదే చెప్పాను. ఎవరి రక్తపోటు అబ్బా అని అడిగింది.

ఎస్తేర్ టీచర్ ఫోన్ చేసింది. బళ్లో పిల్లలందరికీ తెలిసిపోయిందట. మళ్లీ ఒకసారి వచ్చి మాట్లాడమంటోంది. మీరంత బాగా విడమరిచి చెప్పాక కూడా జనం ఎందుకు నమ్ముతారో అర్థం కాదు సార్ అని బాధపడింది. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

జూలై 19, శుక్రవారం

ముత్తయ్యను ఇంటికి తీసుకొచ్చారు. రేపు వెళ్తాను.

జూలై 20, శనివారం

వెళ్లలేదు.

జూలై 25, గురువారం

వెళ్లాను.

మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కంటికి పట్టీ ఉంది. నన్ను చూసి లేవబోయాడు. శాంతవ్వను తలుపు వెయ్యమన్నాడు. దిండు కింద నుంచి మాత్రల సీసా ఒకటి తీశాడు, అందులో దూది, దూదిలో ఆ ఎర్ర చుక్క పెచ్చు. ముఖమంతా రక్తం కారుతున్నా దాన్ని వదల్లేదని, అంబులెన్స్‌లో కూడా పిడికిట్లోనే ఉందని శాంతవ్వ చెప్పింది.

భూమేశ్ మాట విని తప్పు చేశానని ముత్తయ్య అన్నాడు. నా మీద అనుమానపడినందుకు క్షమించమన్నాడు. కన్ను పోయినవాడు నన్ను క్షమించమంటున్నాడు. ఇద్దరం సగం సగం తీసుకుందాం, నీకు తెలిసినవాళ్లకు అమ్మిపెట్టు అన్నాడు. శైలేందర్‌కు టికెట్ తీసుకోమని అప్పుడే ఫోన్ చేయించాడట. పాప వచ్చి తాత పట్టీని వేలితో ముట్టుకుంటే సాయిలత ఎత్తుకుని బయటికి తీసుకెళ్లింది.

ఇంతకంటే ఆలస్యం చేస్తే నేను మనిషినే కాదనిపించింది.

“అది రహీమా నెయిల్ పాలిష్ ముత్తయ్యా. మర కదలకుండ తనే చుక్క వెట్టింది. ఫోటోల చూడంగనె గుర్తువట్టిన.”

ముత్తయ్యకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. సీసాను కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. శాంతవ్వ తలుపు దగ్గరే నిలబడిపోయింది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“గా ముచ్చట ఫోన్ల ఎందుకు చెప్పలే అన్నా? వదినె పెట్టిందని అంటే నేను దానికి ఉలి పెడుదునా?”

నిజమే, పెట్టేవాడు కాదు. టీవీని తుడిచి, బస్సెక్కించి, తనే తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. రహీమా పోయినప్పుడు జనాజాకు ముత్తయ్యా శాంతవ్వా పొద్దుటి మొదటి బస్సుకు వచ్చారు.

నాకే కావాలనుకున్నాను, అందుకే చెప్పలేదని చెప్పాను. అంతకంటే వేరే జవాబు లేదు, వెతికి చూశాను. ముత్తయ్య సీసాను నా వైపు తోశాడు.

“తీస్కపో. నీదే గద.”

తీసుకున్నాను. సిగ్గు లేకుండా తీసుకుని జేబులో వేసుకున్నాను. అన్నం తినమని ఎవరూ అనలేదు. ఆ ఇంటి నుంచి తినకుండా రావడం ఇదే మొదటిసారి.

జూలై 26, శుక్రవారం

షాపులో లైటు కింద పెట్టి చూశాను. ఉలి దెబ్బకు మూడు ముక్కలైంది. తోక లేదు. ఎవరి చెయ్యో, దేని రంగో చెప్పడానికి ఏమీ లేదు. చాక్‌పీసు ముక్కంత కూడా లేని ఎర్ర పెచ్చులు.

దీనికోసం.

జూలై 30, మంగళవారం

శైలేందర్ రావడం లేదని సాయిలత మెసేజ్ పెట్టింది. వాళ్ల నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదట. వారానికోసారి కామారెడ్డి కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, తను పాపను వదిలి రాలేదు, శాంతవ్వకు ఆస్పత్రిలో చీటీలు చదవడం రాదు. నన్ను రమ్మని అడగలేదు. నేనే వెళ్తానన్నాను.

జూలై 31, బుధవారం

మొదటి బస్సుకు ఎల్లారెడ్డి వెళ్లి, ముత్తయ్యను కామారెడ్డి తీసుకొచ్చి, చూపించి, మళ్లీ ఎల్లారెడ్డిలో దించి వచ్చాను. నాలుగు బస్సులు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టర్ అడిగినవాటికి మాత్రం జవాబు చెప్పాడు. వాకిట్లో దించాక వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లాడు.

ఆగస్టు 3, శనివారం

ఎస్తేర్ టీచర్ బడికి వెళ్లి మాట్లాడాను. ఈసారి టీవీ తీసుకెళ్లలేదు. జరిగింది చెప్పాను. మా ఆవిడ చుక్క పెట్టిన సంగతి, నేను ఫోనులో అన్న మాట, తర్వాత ఏమైందీ. పిల్లలు అల్లరి చెయ్యలేదు. ఒక పిల్ల లేచి, అయితే తప్పు ఎవరిది సార్ అని అడిగింది. నాదే అని చెప్పాను. టీచర్ మధ్యలో ఏదో సర్దబోయింది, వద్దన్నాను.

ఆగస్టు 7, బుధవారం

ఈ రోజు బస్సులో జనం ఎక్కువ. ముత్తయ్యకు కిటికీ పక్క సీటు ఇవ్వాలనుకున్నాను గాని అప్పటికే ఎవరో కూర్చున్నారు. మూడు సీట్ల వరసలో అతనికి మధ్య సీటు దొరికింది, నేను అతనికి ఎడమవైపు చివర కూర్చున్నాను. మందుల సంచి నా ఒళ్లో ఉంది. లింగంపేట దాకా పోయిన వారంలాగే వచ్చాం. తర్వాత తల ఇటు తిప్పకుండా, ముందుకే చూస్తూ అన్నాడు.

“గీ దిక్కు కూసుంటే నాకు కనవడవు. ఉన్నవో దిగినవో తెలుస్తలేదు. ఏమన్న మాట్లాడు.”

ఏం మాట్లాడాలని అడిగాను.

“గప్పుడు చెప్పనిది చెప్పు.”

చెప్పాను. ఆ పెళ్లి సీసా ఎవరు పెట్టారో, ఆమె దాన్ని బియ్యం డబ్బాలో ఎందుకు దాచేదో, మొదటి చుక్క వేసినప్పుడు ఊపిరి బిగబట్టి ఎట్లా వేసిందో చెప్పాను. చివరి నెల ఆస్పత్రిలో ఆమె గోళ్లు తెల్లబడిపోతే నేను పట్టుకుని కూర్చున్నది చెప్పాను. అది తహ్మీనాకు కూడా చెప్పలేదు. ముందు సీటామె వెనక్కి తిరిగి చూసింది, చూడనిచ్చాను. కన్ను గురించి కూడా చెప్పాను, ప్రతి పొద్దున్నా లేవగానే నాకు ముందు ఏం గుర్తొస్తుందో.

ముత్తయ్య క్షమించాడో లేదో తెలియదు, అడిగే హక్కు నాకు లేదు. తాడ్వాయి దగ్గర నేను మాట ఆపాను. మళ్లీ మొదలుపెడతానేమోనని చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి చాచి, నేనున్నానో లేదోనని నా మోకాలు తడిమి చూసుకున్నాడు.